ఎదుటి గ్యాలరీ

టోక్యోలో ఏటా రెండుసార్లు, వసంతకాలపు లీగ్ చివర ఒకటి, శరత్కాలపు లీగ్ చివర ఒకటి, రెండు విశ్వవిద్యాలయాల మధ్య బేస్‌బాల్ పోటీ జరుగుతుంది. వాసెదా వాళ్ళు దాన్ని సోకెయ్‌సెన్ అంటారు. కెయో వాళ్ళు కెయ్‌సోసెన్ అంటారు. 'సో' వాసెదాకి గుర్తు, 'కెయ్' కెయోకి. ఎవరి అక్షరం వాళ్ళు ముందు పెట్టుకుంటారు. అంటే ఆట మొదలవకముందే పేరు దగ్గర్నుంచే పంచాయితీ అన్నమాట.

2013లో ఒక సెమెస్టర్ పాటు వాసెదాలో ఎక్స్‌చేంజ్ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఈ ఆట చూశాను. మాది పటాన్‌చెరు. చిన్నప్పుడు చిర్రగోనె, తర్వాత క్రికెట్. బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది సున్నా. జింగూ స్టేడియంలో వాసెదా విద్యార్థుల మధ్య కూర్చుని, వాళ్ళు లేస్తే లేచి, అరిస్తే అరిచాను. రాత్రి ఫోన్లో అమ్మ అడిగింది, "మీవోళ్ళు గెలిచిండ్రా?" అని. "మీవోళ్ళు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో మా కాలేజీని ఎవరూ నాతో అలా అనలేదు. అనే సందర్భమే రాలేదు.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా పొద్దున పూట హైవే మీద ఫ్యాక్టరీ బస్సులూ కాలేజీ బస్సులూ పోటీపడి పోతుంటాయి. ఆ కాలేజీల్లో ఏది దేనికి ప్రత్యర్థి అంటే ఎవరూ చెప్పలేరు. మాకు పోటీ లేదని కాదు, పోటీ తప్ప ఇంకోటి లేదు. ఎంసెట్‌లో లక్షల మందితో పోటీపడ్డాం. కానీ ఆ లక్షల్లో ఒక్కరి ముఖం కూడా చూడలేదు. నా కంటే ఒక ర్యాంకు ముందున్నవాడెవడో నాకిప్పటికీ తెలీదు. జింగూలో మాత్రం ఎదుటి గ్యాలరీలో ప్రత్యర్థి మొత్తం ముఖాలతో సహా కూర్చుని ఉన్నాడు. ఆట అయ్యాక రెండు పక్షాల చీర్ దళాలు అవతలి విశ్వవిద్యాలయం పేరుతో జయధ్వానాలు చేశాయి. ఇదేం మర్యాదరా బాబూ అనిపించింది. దాని వెనక చరిత్ర ఏమిటా అని తర్వాత చదువుకున్నాను.

మొదటి ఆట 1903 నవంబరు 21న. ఫుకుజావా యుకిచి 1858లో పెట్టిన కెయో అప్పటికే పెద్దన్న. ఒకుమా షిగెనొబు 1882లో మొదలుపెట్టిన బడికి వాసెదా విశ్వవిద్యాలయం అన్న పేరొచ్చి ఏడాదే అయింది. వాసెదా జట్టే కెయోకి ఉత్తరం రాసింది. మాది పసి జట్టు, మీరు కాస్త నేర్పితే సంతోషం, అన్న ధోరణిలో. విషయం సవాలు, భాష శిష్యుడిది. కెయో 11–9తో గెలిచింది. నేర్పమన్నవాళ్ళు తొమ్మిది పరుగులు కొట్టారు మరి!

మర్యాద అక్కడే అయిపోయింది. 1906లో మొదటి ఆట గెలిచిన కెయో విద్యార్థులు ఒకుమా ఇంటి ముందుకెళ్ళి జేజేలు కొట్టారు. రెండో ఆట గెలిచిన వాసెదా వాళ్ళు వెళ్ళి ఫుకుజావా ఇంటి ముందు అదే పని చేశారు, ఆయన పోయి అప్పటికి ఐదేళ్ళు. మూడో ఆట జరిగితే కొట్లాట ఖాయమని రద్దు చేశారు. రద్దు అంటే మళ్ళీ 1925 దాకా ఆడలేదు. 1914లో మెయ్‌జితో కలిసి మూడు విశ్వవిద్యాలయాల లీగ్ పెట్టుకున్నారు. అందులో కూడా వాసెదా, కెయో ఒకరితో ఒకరు ఆడలేదు! ఇద్దరూ మెయ్‌జితో ఆడి ఇంటికెళ్ళేవాళ్ళు. మా పక్క దాయాదులు పెళ్ళిళ్ళలో ఇట్లాగే చేస్తారు, ఒకే పందిట్లో కూర్చుని మాట్లాడుకోరు.

1943కి వస్తే యుద్ధం. బేస్‌బాల్ శత్రువు ఆట అయిపోయింది. ఆరు విశ్వవిద్యాలయాల లీగ్‌ని రద్దు చేయించారు. ఆ శరత్కాలంలో విద్యార్థులకున్న సైనిక మినహాయింపు ఎత్తేశారు. యుద్ధానికి పోయేముందు ఒక్కసారి వాసెదాతో ఆడాలని కెయో కుర్రాళ్ళు అడిగారు. కెయో అధ్యక్షుడు కొయిజుమి షిన్‌జో ఒప్పుకున్నాడు. నౌకాదళంలో ఉన్న ఆయన కొడుకు చనిపోయి అప్పటికి ఏడాది. వాసెదా యాజమాన్యం వెనకాడింది. పట్టుబట్టి జరిపించినవాడు వాసెదా బేస్‌బాల్ పెద్ద తొబితా సుయిషు. జింగూలో కాకుండా, వాసెదా సొంత మైదానం తొత్సుకాలో అక్టోబరు 16న ఆడారు. వాసెదా 10–1తో గెలిచింది. కెయో ఆటగాళ్ళు అప్పటికే ఊళ్ళకి వెళ్ళిపోయి ఉన్నారు, సాధన లేదు. స్కోరు ఎవరికీ పట్టలేదు. ఆట అయ్యాక ఒకరి పాట ఒకరు పాడారు. ఐదు రోజుల తర్వాత, అక్టోబరు 21న, జింగూ పక్కనే ఉన్న మైదానంలో, వానలో, తుపాకులు భుజాన వేసుకుని విద్యార్థులు కవాతు చేశారు.

ఆ రోజు ఆడినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు.

దీని మీద 2008లో సినిమా కూడా వచ్చింది. అయితే ఈ కథని మరీ కమ్మగా చెప్పుకోవడం నాకు నచ్చదు. ఆ ఆట యుద్ధాన్ని ఆపలేదు, ఆపాలని అడగనూ లేదు. చివర్లో రెండు గ్యాలరీలూ కలిసి పాడింది చక్రవర్తి కోసం చావడం గురించిన పాట. నాకు అందులో విలువైనదిగా కనిపించేది చిన్న విషయం. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు, ఇంకెన్నాళ్ళు బతుకుతామో తెలీనప్పుడు, చివరిసారి ఎవరిని చూడాలనుకున్నారు? ఎవరి మీద గెలవాలని ఇన్నాళ్ళూ చూశారో వాళ్ళనే. అలా పిలవడానికి నాకైతే ఎవరూ లేరు. నా ప్రత్యర్థులంతా ర్యాంకు షీట్లో హాల్‌టికెట్ నంబర్లు.

ఇంకో వివరం చదివాక చాలాసేపు కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ మినహాయింపు ఎత్తేసింది ప్రధానంగా సాహిత్యం, న్యాయం, అర్థశాస్త్రం చదివేవాళ్ళకి. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్ళకి ఉంచారు, యుద్ధానికి వాళ్ళ పని కావాలి గనక. అంటే నేను ఆ ఏడు వాసెదాలో ఉండుంటే, సాగనంపే గుంపులో నిలబడి చూసేవాణ్ణి.

యుద్ధం అయ్యాక 1946లో కెయోకి ఒక కొత్త పాట వచ్చింది. స్వరకర్త కొసెకి యూజి. 1931లో కెయో పాటకి జవాబుగా వాసెదాకి పాట కట్టింది కూడా ఆయనే. మధ్యలో సైనిక గీతాలెన్నో కట్టాడు. జింగూలో నేను అర్థం తెలీకుండా గొంతు కలిపిన పాట, అవతలి గ్యాలరీ తిరిగి పాడిన పాట, రెండూ ఆయనవే.

తొత్సుకా మైదానం ఇప్పుడు లేదు. దాని మీద వాసెదా గ్రంథాలయం కట్టారు.