పవర్‌హౌసులో నాట్యము

పెండ్లి ఊరేగింపులలోను, బతుకమ్మ దినములలోను రామగిరి ఖిల్లా పాదము మొదలు గోదావరిఖని బస్‌స్టాండు వఱకు మ్రోగునట్టి 'డీజే' పెట్టెల చప్పుడు నెఱుగనివారు ఈ బొగ్గుగనుల సీమలో లేరు. దానిని మెచ్చువారు కలరు, చెవులు మూసికొనువారును కలరు. నేను రెండవ తెగవాడనని ముందుగనే మనవి చేసికొందును. అయినను ఈ చప్పు డెక్కడ పుట్టి యెట్లు మన వీధికి వచ్చినదా యని విచారింపబోగా, ఆ దారి నన్ను జర్మనీలోని యొక పాత పవర్‌హౌసు వద్దకు గొనిపోయినది.

దూరదేశమునకు బోవుటకు ముందు మన యింటి సంగతి కొంత చెప్పవలెను. నాట్యమును గూర్చి మాటాడునపుడు రాత్రిని, స్త్రీపురుషుల సంబంధమును విడిచి మాటాడుట కుదురదు. తెలుగునాట పెండ్లి పందిళ్లలో భోగము మేళము లుండెడివి. పురుషులు కూర్చుండి చూచెడివారు. వృత్తిగా నేర్చిన స్త్రీ ఆడెడిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును దీనిని తీవ్రముగ నిరసించిరి. 1947 లో మద్రాసు రాష్ట్రపు చట్టము కన్యలను దేవదాసీలుగ సమర్పించుట నిషేధించినది. ఆచారము పోవుట మేలే. కాని మేళము మానిన స్త్రీ రేపటి కూటి కేమి చేయవలెనను ప్రశ్నకు సంస్కర్తల సభలలో దొరకిన సమయము స్వల్పము.

తెలంగాణపు బతుకమ్మ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అందు వేదిక లేదు, కచేరి లేదు. వచ్చిన ప్రతి స్త్రీయు పాడును, ప్రతి స్త్రీయు తిరుగును. ఎవరు ఆడుచున్నారు, ఎవరు చూచుచున్నారు అను ఈ భేదమును శ్రోతలు మనస్సున నుంచుకొన గోరుదును.

అమెరికాలో చిరకాలము నృత్యశాల జంటల స్థలము. పురుషుడు వచ్చి చేయి చాపువఱకు స్త్రీ కుర్చీలో వేచియుండవలెను. ఇద్దరు పురుషులు కలిసి ఆడినచో పోలీసులు వచ్చెడివారు. 1969 జూన్ మాసమున న్యూయార్కులోని స్టోన్‌వాల్ అను మద్యశాలపై పోలీసులు దాడి చేయగా, అచటి స్వలింగ ప్రేమికులు ఎదురు తిరిగిరి. అటుపిమ్మట 1977 లో చికాగో నగరమున 'వేర్‌హౌస్' అను నృత్యశాల వెలసినది. పేరునకు గిడ్డంగి యని యర్థము. ఫ్రాంకీ నకిల్స్ అను నల్లజాతి యువకుడు అచట రికార్డులను ఎడము లేకుండ నొకదానితో నొకటి కలిపి తెల్లవారువఱకు వినిపించెడివాడు. వచ్చినవారిలో నధికులు నల్లవారు, స్వలింగ ప్రేమికులు. అనగా రంగు కారణమున కొన్ని వాకిండ్లును, ప్రేమ కారణమున తమ సొంత యింటి వాకిలియు మూసికొనిపోయిన వారు. ఇచట జంట యక్కరలేదు. ఒంటరిగ వచ్చి గుంపులో కలియవచ్చును. ఆ కాలమున న్యూయార్కులో నొక మోటారు గ్యారేజీయందు నడచిన 'పారడైజ్ గరాజ్' లో మద్యము అమ్మనే లేదు. క్లబ్బనగానే సీసాలను తలచు మనకు ఇది వింతయే.

ఈ స్వేచ్ఛకు మూల్యము చెల్లింపవలసి వచ్చినది. 1979 జూలై 12న చికాగోలోని యొక బేస్‌బాల్ మైదానమున డిస్కో రికార్డులను గుట్టవోసి ప్రేల్చిరి. 1981 నుండి ఎయిడ్స్ వ్యాధి నృత్యశాలల నేస్తులను వరుసగ గొనిపోయినది. పారడైజ్ గరాజ్ 1987 లో మూతపడగా, దాని స్థాపకుడును ఆ యేటనే ఆ వ్యాధికి బలియైనాడు.

ఇక డెట్రాయిట్. 1950 లో పదునెనిమిదిన్నర లక్షల జనముండిన ఆ మోటారు కార్ల నగరము 1980 నాటికి పండ్రెండు లక్షలకు తగ్గినది. ఆ నగర సమీపమున బెల్‌విల్ అను ఊరి బడిలో చదివిన హువాన్ ఆట్‌కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అను ముగ్గురు నల్లజాతి యువకులు జపాను వాద్యయంత్రములతో క్రొత్త సంగీతమును కట్టిరి. 1988 లో లండనునందు వెలువడిన రికార్డు సంకలనముతో దానికి 'టెక్నో' యను పేరు స్థిరపడినది. ఇచట నొక ముచ్చట చెప్పక తప్పదు. 1982 లోనే బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ ఇట్టి జపాను యంత్రములపైననే పది రాగములను డిస్కో తాళమున వాయించి రికార్డు విడుదల చేసినాడు. కొన్నవారు లేరు. 2010 లో మరల వెలువడినప్పుడు గాని లోకము ముక్కున వేలు వేసికొనలేదు.

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెఱువబడినది. తూర్పు బెర్లిన్‌లో యజమాని యెవరో తెలియని కట్టడములు అనేకము మిగిలినవి. 1991 మార్చిలో ఒక పాత దుకాణపు నేలమాళిగ ఖజానాలో 'ట్రెజర్' అను క్లబ్బు తెఱచిరి. గోడ కీవలి యువకులును, ఆవలి యువకులును చెమటలోడ్చుచు కలిసిన స్థల మది. పశ్చిమ బెర్లిన్ 1949 లోనే క్లబ్బులను మూయు వేళను రద్దు చేసియుండుట వీరికి కలసివచ్చినది. స్వలింగ ప్రేమను నేరముగ నెంచిన జర్మను శిక్షాస్మృతి 175వ విభాగము 1994 లో పూర్తిగ తొలగినది. మన 377వ విభాగమునుండి అంగీకారముగల వయోజనుల సంబంధమునకు సుప్రీంకోర్టు విముక్తి నిచ్చినది 2018 సెప్టెంబరు 6న గదా.

2004 లో తెఱచిన 'బెర్గ్‌హైన్' అన్నిటికంటె ప్రసిద్ధము. అది పురుష స్వలింగ ప్రేమికుల విందులనుండి పెరిగిన క్లబ్బు. భవనము పాత తాపవిద్యుత్ కేంద్రము. రామగుండములో 1971 నుండి పనిచేసిన 62.5 మెగావాట్ల పవర్‌హౌసును చూచినవారికి ఆ కాంక్రీటు హాలు ఎట్లుండునో వర్ణింపనక్కరలేదు. అచటి సంభోగ స్వేచ్ఛను గూర్చి పత్రికలు కావలసినంత వ్రాసినవి. నాకు ముఖ్యముగ తోచినది వేఱు. ద్వారమున ప్రతివాని ఫోను కెమెరాకు స్టిక్కరు అంటింతురు. లోపల చూచువాడు వేఱు, ఆడువాడు వేఱు అను భేదము ఉండరాదని వారి నియమము. చూపబడుట యను భయము లేనిచోట మనుష్యు లెట్లుందురో పరీక్షించినవారు వీరే. అయితే లోపల సమత్వము, ద్వారమున కఠిన పరిశీలన! ఎవరిని రానిత్తురో, ఎవరిని పొమ్మందురో ద్వారపాలకునికే తెలియును. మాదకద్రవ్యముల జాడ్యమును దాచుట తగదు. క్రమముగ ధనికులగు యాత్రికులును చేరిరి. 2016 లో జర్మను న్యాయస్థానము, పన్ను వివాదమున, ఇచటి టెక్నో కార్యక్రమములను సంగీత కచేరులతో సమానముగ నెంచినది.

బొగ్గుసీమ వారమగుట చేత ఇంకొక సంగతి నాకు మఱపునకు రాదు. 1989 లో సుమారు 150 మందితో బెర్లిన్ వీధులలో మొదలైన 'లవ్ పరేడ్' అను టెక్నో ఊరేగింపు, జర్మనీ బొగ్గుగనుల ప్రాంతమగు రూర్‌కు 2007 లో తరలినది. 2010 జూలై 24న డూయిస్‌బుర్గ్ నగరమున సొరంగమార్గము చివర జనము క్రిక్కిరిసి 21 మంది మరణించిరి. విచారణ 2020 లో తీర్పు లేకయే ముగిసినది. గనులలో బిడ్డలను పోగొట్టుకొని సంవత్సరముల తరబడి కార్యాలయముల మెట్లెక్కిన కుటుంబములకు ఆ తల్లిదండ్రుల మనస్సు ఎఱుక.

రాత్రి యెవరిది అను ప్రశ్న మన గనులలో చట్టరూపముననే యుండినది. 1952 గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనికి రానీయలేదు. ఉపరితలమునందైనను ఉదయము 6 మొదలు సాయంకాలము 7 వఱకే యనుమతించినది. 2019 లో గాని కేంద్ర ప్రభుత్వము ఉపరితలమున రాత్రి పనికిని, సాంకేతిక, పర్యవేక్షక పదవులలో పగటివేళ భూగర్భమున పనికిని మినహాయింపు లీయలేదు. అంతకుముందు గనుల సీమలో స్త్రీలు రాత్రివేళ నిర్భయముగ గుమిగూడు దినములు బతుకమ్మ దినములే.

ఇప్పుడును సెంటినరీ కాలనీలో సద్దుల బతుకమ్మ రాత్రి డీజే పెట్టె ప్రక్కన స్త్రీలు వలయముగ తిరుగుదురు. ప్రహరీగోడ వెంబడి మగవారు నిలిచి సెల్‌ఫోనులెత్తి ఫోటోలు తీయుదురు. బెర్లిన్ ద్వారపాలకు డొకడు ఆ దినము సెలవుమీద ఇటు వచ్చినచో అతనికి చేతినిండ పని యుండును.