జపాన్ కొలుములకు కొత్తవలస దారి

విజయనగరం జిల్లా కొత్తవలస జంక్షన్ వద్ద హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి చీలి, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కొండలెక్కి, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ చేరే సుమారు 445 కిలోమీటర్ల రైలు మార్గానికి కేకే లైన్ అని పేరు. దీని గురించి రాసేవారు సొరంగాలను, బొర్రా గుహలను, 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగూడ స్టేషన్‌ను వర్ణించి ఊరుకుంటారు గాని, 1960ల్లో ఈ దారి పడింది ప్రయాణికుల కోసం కాదు, జపాన్ ఉక్కు కర్మాగారాలకు కిరండూల్ దగ్గరి బైలాడిలా గనుల ఇనుప ఖనిజం చేరవేయడానికి.

యుద్ధంలో చితికిపోయి మళ్లీ లేచిన జపాన్‌కు ఉక్కు పరిశ్రమ ఉన్నా స్వదేశంలో ఖనిజం దాదాపు లేకపోవడంతో, కారుచౌకగా ఒకసారి కొనడం కంటే ఏళ్ల తరబడి సరుకు తప్పకుండా అందడమే అక్కడి కంపెనీలకు ముఖ్యమైంది. అమ్మకాల్లో పరస్పరం పోటీపడే ఆ కంపెనీలే ముడిసరుకు కొనేటప్పుడు ఒక్క బృందంగా బేరానికి కూర్చునేవి. ఏ సరుకునైనా కొని అమ్ముతూ, రవాణా, అప్పు వ్యవహారాలు కూడా చూసే సోగో షోషాలు, అంటే మిత్సుయి, మిత్సుబిషి వంటి మహా వర్తక సంస్థలు, మధ్యవర్తిత్వం వహించేవి. అధికారిక సమావేశానికి ముందే సంబంధిత వ్యక్తులందరితో విడివిడిగా మాట్లాడి సమ్మతి కూడగట్టే నెమవాషి అనే ఆచారం నేటికీ జపాన్ కార్యాలయాల్లో ఉంది. అలా తేలిన నిర్ణయం ఆలస్యంగా వచ్చినా సులభంగా మారదు.

జపాన్ తన తొలి యెన్ రుణాన్ని 1958లో భారతదేశానికే ఇచ్చింది. ఆ తర్వాత 1960లో కుదిరిన ఒప్పందం ప్రకారం బైలాడిలా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, నేటి జార్ఖండ్‌లోని కిరిబూరు గని నుంచి 20 లక్షల టన్నులు విశాఖపట్నం రేవు ద్వారా ఎగుమతి కావాలి. కొనుగోలుదారు ముందే ఖాయం కావడం వల్లనే, తూర్పు కనుమలను యాభైకి పైగా సొరంగాలతో తొలచి బ్రాడ్‌గేజ్ వేసే ఖర్చుకు సమర్థన దొరికింది. 1965లో విశాఖ రేవులో ఖనిజాన్ని యంత్రాలతో ఓడల్లోకి ఎక్కించే ఏర్పాటు జరిగింది, 1968లో బైలాడిలా గని మొదలైంది, 1976లో లక్ష టన్నులకు మించిన ఓడల కోసం అవుటర్ హార్బర్ వచ్చింది.

పరిమాణం కొన్నేళ్లకు ఒకేసారి నిర్ణయమైనా, ధర మాత్రం ఏప్రిల్‌లో మొదలయ్యే జపాన్ ఆర్థిక సంవత్సరానికి అనుగుణంగా ఏటా తేలేది. 2010లో ఆ వార్షిక ధర పద్ధతి ప్రపంచ విపణిలోనే కూలిపోయింది. ఈ వ్యాపారం భారత్‌కు నిలకడైన మార్కెట్‌ను ఇచ్చిందనడం నిజమే గాని, ఖనిజాన్ని ఉక్కుగా మార్చితే వచ్చే లాభం మాత్రం ఎక్కువగా సముద్రానికి అవతలే మిగిలిపోయింది. ఆ లోటు కొంతైనా తీరింది 1990లో విశాఖ ఉక్కు కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాకనే. దానికి కావలసిన బైలాడిలా ఖనిజం కూడా కొత్తవలస మీదుగానే దిగుతోంది.