ఉప్పునకు కట్టిన ముళ్లకంచె

సరిహద్దు దాటించు దొంగసరకనగానే మనకు బంగారమో నల్లమందో స్ఫురించును. నేను నేడు చెప్పబోవునది ఉప్పును గూర్చి. మన దేశము నడుమ, ఉప్పు దాటకుండుటకై, ఒకప్పుడు దొరతనమువారు ముళ్లకంచె పెంచిరి. మొదట విన్నప్పుడు నేనును నమ్మలేదు.

1870 ప్రాంతమున ఉత్తర హిందూస్థానములో మణుగు ఉప్పునకు సుంకము 3 రూపాయలు. బంగాళములో 3 రూపాయల 4 అణాలు. ఇది మన చిన్న మణుగు కాదు, 40 సేర్ల మణుగు. రాజపుతానాలోని సాంబారు సరస్సున ఉప్పు ఊరక పేరుకొనుచుండెను. ఆ సరస్సు సంస్థానములది; అచట ఈ సుంకము లేదు. ఒక బస్తా గట్టు దాటించినచో ఎంత లాభమో మీరే లెక్కవేసికొనగలరు.

అందుచే సింధునది మొదలు మహానదీ ప్రాంతమువఱకు 2,300 మైళ్ల పొడవున సుంకపు గీత ఏర్పడెను. 1869 నాటికి దానిపై సుమారు 12,000 మంది కావలియుండిరి. తొలుత ఎండుముళ్లు నఱికి పేర్చిరి. మైలునకు 250 టన్నుల కంప కావలెను. అదియు చెదలకును, కార్చిచ్చులకును, గాలివానలకును ఆహుతియగుచుండెను. 1867లో ఈ శాఖకు అధికారియైన హ్యూముదొర పచ్చికంచె మేలని తలచి తుమ్మ, రేగు, వాక, జెముడు నాటించెను. ఇతడే పిమ్మట 1885లో కాంగ్రెసు స్థాపకులలో ఒకడయ్యెను. కొన్నిచోట్ల ఆ కంచె పది మొదలు పదునాలుగు అడుగుల ఎత్తు పెరిగినది. ద్వారములకడ బాటసారులను ఆపి సోదాచేయుచుండిరి.

అయినను ఉప్పు ఆగలేదు. కంచె మీదుగా బస్తాలు విసరుటయు, ఒంటెలను ముళ్లలోనికి తోలుటయు, భటులకు లంచమిచ్చుటయు నిత్యకృత్యములు. 1877 సెప్టెంబరులో 112 మంది గుంపు నెదిర్చిన ఇరువురు భటులు ప్రాణములు కోల్పోయిరి. జీతమునకై నిలిచిన ఆ పేదవారిపై నాకు జాలియే కలుగును.

తుదకు ప్రభుత్వమువారు గ్రహించినది సులభమైన సంగతి: ఇరువైపుల సుంకము సమమైనచో దాటించువాడు ఉండడు. అయితే సమము చేయుట యెట్లు? ఉత్తరమున కొంచెము తగ్గించి, తక్కువగానున్న దక్షిణమున పెంచిరి. 1877 సంవత్సరాంతమున చెన్నరాజధానిలోను, బొంబాయిలోను మణుగు సుంకము 1 రూపాయ 13 అణాలనుండి 2 రూపాయల 8 అణాలయ్యెను.

ఆ సంవత్సరమేదియో మన పెద్దలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ధాత కరవు కథలు విననివారెవరు? కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు మండలములలో జనులు అంబలికి మొగము వాచియున్న కాలమది. ఆ అంబలిలో వేసికొను ఉప్పుపైననే ఈ 11 అణాలు పడినవి. అటు సుంకమును కొంత దించిరి, సాంబారు సరస్సును ముందే కౌలునకు తీసికొనియుండిరి. కనుక కంచెతో పనిలేకపోయెను. 1879 ఏప్రిలు 1వ తేదీన సుంకపు గీతను చాలమట్టుకు ఎత్తివేసిరి. కంచె తొలగినందుకు చరిత్రకారులు స్ట్రాచీదొరను మెచ్చుకొందురు. నేనును కాదనను, కాని దాని ఖర్చులో మనవారి పాలెంతయో ఆ పొగడ్తలలో అరుదుగా కనబడును.

దేశమంతటను సుంకము 2 రూపాయలకు సమమైనది 1882లో. కంచెమాత్రము క్రమముగా పొలములలో కలిసిపోయినది. రాయ్ మాక్సుహామను ఆంగ్లేయుడు 1990 తరువాత ఏండ్లతరబడి వెదకి, 1998లో ఇటావా మండలమున, తుమ్మచెట్లు మిగిలిన ఒక గట్టును కనుగొనెను.