దేవుడే సాక్ష్యం మార్చిన కేసు: శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక క్రైమ్ స్టోరీ చెప్పుకుందాం. నేరం ఉంది, అబద్ధపు వాంగ్మూలం ఉంది, రాజుగారి విచారణ ఉంది. చివర్లో దేవుడే వచ్చి సాక్ష్యం మార్చేస్తాడు.

ముందే చెప్తున్నా, ఇది ఉత్తరాంధ్రలో ఉన్న శ్రీకాకుళం కాదు. మా కృష్ణా జిల్లాలో, ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. మా బంటుమిల్లి నుంచి బందరు మీదుగా వెళ్తాం. కళింగ దండయాత్రకి వెళ్తూ కృష్ణదేవరాయలు ఇక్కడి ఆంధ్ర మహావిష్ణువుని సేవించాడు. కలలో స్వామి కనపడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యదలో ఆయనే రాసుకున్నాడు.

ఇక కేసులోకి వద్దాం. గుడి పూజారికి ఒక వేశ్య మీద మనసు. స్వామికి వెయ్యాల్సిన దండ ముందు ఆవిడ జడలోకి వెళ్లేది. ఒకరోజు ప్రసాదంగా ఇచ్చిన దండలో రాజుగారికి పొడుగాటి వెంట్రుక దొరికింది. "ఇదేంటి?" అన్నాడు. భయంలో పూజారి, "స్వామివారి శిరోజం ప్రభూ" అనేశాడు. రేపొచ్చి చూస్తా, అబద్ధమైతే తల తీయిస్తా అన్నాడు రాజు. ఆ రాత్రి పూజారి స్వామి కాళ్ల మీద పడి ఏడ్చాడు. తెల్లారేసరికి విగ్రహానికి నిజంగానే జుట్టు ఉంది.

రోనాల్డ్ నాక్స్ అని ఇంగ్లండులో ఒక డిటెక్టివ్ రచయిత ఉండేవాడు. 1929లో డిటెక్టివ్ కథలకి పది రూల్స్ రాశాడు. అందులో ఒకటి, మానవాతీత శక్తులు కుదరవు అని. విచిత్రం ఏంటంటే ఆయన స్వయంగా క్యాథలిక్ ఫాదర్! ఆయన లెక్కలో మన కథ ఫౌల్. కానీ మన కథలో నేరస్తుడెవరో మొదటి నిమిషంలోనే తెలుసు. అతను ఎలా బయటపడతాడన్నదే సస్పెన్స్.

రామదాసు కథ పక్కన పెట్టి చూడండి. ఖజానా సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టాడు, తానీషా జైల్లో పెట్టాడు. కథ ప్రకారం రాముడు, లక్ష్మణుడు వచ్చి ఆరు లక్షలూ కట్టి రసీదు కూడా తీసుకున్నారు. అక్కడ లెక్క సరిపోయింది. ఇక్కడ స్వామి లెక్క సరిచెయ్యలేదండీ, రికార్డే మార్చాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాడిగా చెప్తున్నా, రాత్రికి రాత్రి లాగ్ ఫైల్ ఎడిట్ చేసినట్టు. మా ఆఫీసులో అయితే ఉద్యోగం పోయేది.

ఇంకో ట్విస్ట్. తమిళనాడులోని తిరుక్కణ్ణపురం సౌరిరాజ పెరుమాళ్ గుడిలోనూ దాదాపు ఇదే కథ చెప్తారు. దండ, వెంట్రుక, రాజు, అన్నీ ఉన్నాయి. కాబట్టి దీన్ని ఒక ఊళ్లో ఒక రోజున జరిగిన సంఘటనగా నేను చూడను. గుడి నుంచి గుడికి నడిచిన కథ ఇది. పూజారి కూడా తప్పు చేస్తాడని గుళ్లే దాచకుండా చెప్పుకోవడం నాకు నచ్చింది. నచ్చనిది ఒకటుంది. పూజారి తల దక్కింది, రాజు నమ్మాడు, మరి ఆ అమ్మాయి ఏమైంది? నేను విన్న కథలో ఆవిడకి పేరు కూడా లేదు.

స్వామి ఇలా తప్పించుకుంటే ఎలా అని ఒకాయన అడిగాడు లెండి. దగ్గర్లోని పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు. ఆయన ఆంధ్రనాయక శతకం ఈ స్వామిని నిలదీస్తూ రాసిందే. తిడుతున్నట్టే ఉంటుంది, లోపల పొగడ్త ఉంటుంది. దీన్నే నిందాస్తుతి అంటారు. అంటే నిందితుల బోనులో ఈసారి నిలబడింది దేవుడు. ఆ శతకం మీద వచ్చే ఎపిసోడ్ చేస్తాను. ఉంటానండి.