అంతరిక్షానికి అంచె తపాలా

2012 అక్టోబరులో సునీతా విలియమ్స్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో లాప్‌టాప్ ముందు కూర్చుని (తేలుతూ అనాలేమో) జర్మనీలోని డార్మ్‌స్టాట్ ఊళ్లో ఉన్న ఓ బొమ్మ బండిని నడిపారు. పిల్లలు ఆడుకునే లెగో ముక్కలతో కట్టిన బండి అది. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి బొమ్మ బండిని తోలడం కూడా ఓ ఘనకార్యమేనా అనిపిస్తుంది. విశేషం బండిలో లేదు. ఆమె ఇచ్చిన ఆదేశాలు కిందికి దిగివచ్చిన పద్ధతిలో ఉంది.

ఆ పద్ధతి కథ 1998లో మొదలైంది. అంతకు ముందు ఏడాదే పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగింది. ఇంటర్నెట్‌కు ప్రాణమైన టీసీపీ నియమావళిని 1970లలో రాబర్ట్ కాన్‌తో కలిసి రూపొందించిన వింట్ సెర్ఫ్, ఆ ఉత్సాహంలో కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి వెళ్లారు. అక్కడ ఏడ్రియన్ హుక్ బృందంతో కూర్చున్నారు. పాతికేళ్ల తర్వాత తప్పక కావలసివచ్చేది, ఇప్పుడే మొదలుపెట్టవలసింది ఏమిటన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. గ్రహాల మధ్య ఇంటర్నెట్ అని తేల్చుకున్నారు.

సెర్ఫ్ మొదట ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. తాను కట్టిన టీసీపీ భూమి మీద బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అంగారకుడి మీద మాత్రం ఎందుకు చేయదు? చేయదని త్వరలోనే తేలింది. టీసీపీ మాటకారి. అసలు విషయం ఎత్తే ముందు ‘ఉన్నావా?’ అంటుంది. ‘ఉన్నాను, నువ్వున్నావా?’ అని అటు నుంచి రావాలి. ‘ఉన్నాను, ఇక చెబుతున్నా’ అని మళ్లీ ఇటు నుంచి వెళ్లాలి. హైదరాబాద్ నుంచి ముంబైకి ఈ పలకరింపులు రెప్పపాటులో ముగుస్తాయి. అంగారకుడు బాగా దూరంగా ఉన్న రోజుల్లో వెలుతురు అక్కడికి చేరడానికే 22 నిమిషాలు. మొదటి పలకరింపుకు బదులు అందేసరికి 44 నిమిషాలు. ఈలోగా అక్కడి రోవర్ గ్రహంతోపాటు అటు తిరిగిపోవచ్చు, సందేశాన్ని అందుకోవలసిన ఉపగ్రహం గ్రహం చాటుకు పోవచ్చు. బదులు రాకపోతే టీసీపీ కాసేపు చూసి, ఎవరూ లేరనుకుని మానేస్తుంది. దారిలోని రౌటర్లది మరీ మొరటుతనం. ముందుకు దారి కనబడకపోతే చేతిలోని ప్యాకెట్‌ను పారేస్తాయి.

పూర్వం పరుగున ఉత్తరాల సంచి మోసిన తపాలా రన్నర్ అలా చేయలేదు. ఏరు పొంగితే సంచి చంకన పెట్టుకుని గట్టున కూర్చున్నాడు. నీరు తీశాక దాటి, తర్వాతి అంచెలో అప్పగించి, తన పని అయిందనుకుని వెనక్కి వచ్చాడు. ఉత్తరం అందుకునేవాడు ఇంట్లో ఉన్నాడా లేడా అని బయలుదేరే ముందు ఎవరూ అడగలేదు. మన పెద్దలకు అంచె తపాలాగా తెలిసిన ఈ పద్ధతే కొత్త నియమావళికి పునాది. సమాచారాన్ని ‘బండిల్’ అనే కట్టగా కడతారు. దారిలోని ప్రతి కంప్యూటరూ ఆ కట్టను తన దగ్గర దాచుకుంటుంది. దారి తెరుచుకున్నప్పుడు ముందుకు పంపుతుంది. ఆ కట్ట బాధ్యత తనదని తర్వాతి అంచె ఒప్పుకున్నాకే వెనకటిది చేయి దులుపుకునే ఏర్పాటు కూడా ఉంది.

మరి దారి ఎప్పుడు తెరుచుకుంటుందో ఎలా తెలుస్తుంది? అంతరిక్షంలో ఉన్న సుఖం అదే. గ్రహాలు, ఉపగ్రహాల నడక ముందే లెక్కకట్టగలం. ఏది దేనికి ఎప్పటి నుంచి ఎప్పటి వరకు కనబడుతుందో, ఎంత వేగంతో మాట్లాడగలదో పట్టిక రాసి ప్రతి కంప్యూటర్‌కూ ఇస్తారు. ఇంజినీర్లు దాన్ని కాంటాక్ట్ ప్లాన్ అంటారు, మనం పంచాంగం అనుకోవచ్చు. నిజానికి 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్ రోవర్ కూడా తన సమాచారంలో సింహభాగాన్ని పైన తిరిగే ఒడిస్సీ ఉపగ్రహానికి అప్పగించి భూమికి పంపింది. అయితే ఆ అప్పగింతలన్నీ ఇంజినీర్లు ముందుగా కూర్చుని ఒక్కొక్కటిగా ఏర్పాటు చేసినవి. యంత్రాలు తమంతట తాము దారి వెతుక్కోవాలన్నదే కొత్త కోరిక.

భూమి మీద కూడా ఇదే అవసరం ఉందని పరిశోధకుడు కెవిన్ ఫాల్ 2003లో ఒక పత్రంలో వాదించారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే కర్ణాటకలోని దొడ్డబళ్లాపురంలో ‘డాక్‌నెట్’ ప్రయోగం నడిచింది. వైఫై పెట్టె బిగించిన బస్సు పల్లెలు తిరుగుతూ, పహాణీ లాంటి భూమి రికార్డుల కోసం వచ్చిన అర్జీలను అందుకుని తాలూకా కేంద్రానికి చేర్చేది. నియమావళి వేరైనా ఆలోచన ఒకటే. తపాలా మాటను పేరులోనే పెట్టుకున్న నిజాయితీ మాత్రం ఆ బస్సుదే.

2007లో ఈ కట్టల నియమావళి ఆర్‌ఎఫ్‌సీ 5050 అనే పత్రంగా వెలువడింది. దాన్ని నౌకల్లో నడిపే సాఫ్ట్‌వేర్ ‘అయాన్’. దీన్ని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో స్కాట్ బర్లీ సారథ్యంలో సీ భాషలో రాశారు. నౌకలోని కంప్యూటర్‌లో మెమరీని అడిగినప్పుడల్లా ఇవ్వరు. మొదట్లో ఇచ్చిన జాగాలోనే అయాన్ సర్దుకుంటుంది. ఇది ఓపెన్ సోర్స్, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇందులో ఔదార్యం కంటే అవసరమే ఎక్కువని నా అభిప్రాయం. ఒక దేశం రోవర్ పంపిన కట్టను ఇంకో దేశం ఉపగ్రహం మోయాలంటే ఇద్దరికీ ఒకే భాష రావాలి. తాళం వేసిన పెట్టెను నమ్మి భుజాన వేసుకునేదెవరు?

2008 అక్టోబరు, నవంబరు నెలల్లో అయాన్‌కు పరీక్ష పెట్టారు. అప్పటికి మూడేళ్ల క్రితం ఓ తోకచుక్కను ఢీకొట్టిన పరికరాన్ని విడిచి, తాను ఇంకా ప్రయాణిస్తున్న డీప్ ఇంపాక్ట్ నౌకే పరీక్షా కేంద్రం. దూరం సుమారు 3 కోట్ల 20 లక్షల కిలోమీటర్లని నాసా ప్రకటించింది. భూమి మీద అంగారక నౌకలుగా, నియంత్రణ కేంద్రాలుగా నటిస్తున్న తొమ్మిది కంప్యూటర్లు, పదోది ఆ నౌక. వాటి మధ్య పదుల కొద్దీ చిత్రాలు కట్టలుగా వచ్చి వెళ్లాయి. కాలాన్ని ఓర్చుకోవడం నేర్చిన ఆ నౌకే 2013 ఆగస్టులో మూగబోయింది. 2000 జనవరి 1 నుంచి సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెడుతున్న గడియారంలో అంకెలకు చోటు నిండిపోవడమే కారణమై ఉండొచ్చని తేల్చారు.

ఆ తర్వాత కథ వేగం అందుకుంది. 2016లో అంతరిక్ష కేంద్రంలో ఈ పద్ధతి రోజువారీ సేవగా మారింది. 2022లో దక్షిణ కొరియా వారి దనూరి నౌక చంద్రుడి దారిలో పోతూ బీటీఎస్ కుర్రాళ్ల ‘డైనమైట్’ పాట వీడియో పంపింది. నాసా గ్లెన్ కేంద్రం రాసిన హెచ్‌డీటీఎన్ అనే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, లేజర్ కిరణాల మీద 4కే వీడియోను విమానం నుంచి అంతరిక్ష కేంద్రానికి చేర్చింది.

అంగారకుడి కోసం పుట్టిన విద్యకు పెద్ద ఉద్యోగం మాత్రం భూమి పక్కనే దొరికింది. సముద్రాల రంగును, గాలిలోని ధూళిని గమనించే పేస్ ఉపగ్రహాన్ని 2024 ఫిబ్రవరి 8న ప్రయోగించారు. అది తన సమాచారాన్ని కట్టలుగానే దించుతోంది. మొదటి 3 కోట్ల 40 లక్షల కట్టల్లో ఒక్కటి కూడా దారిలో పోలేదని నాసా లెక్క.