ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డౌన్‌లోడ్ సైట్ల హ్యాకింగ్

లినక్స్ వంటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లను పంచే వెబ్‌సైట్లలోకి చొరబడి, అసలు ఫైలు ఉన్న చోట మార్చిన ఫైలు పెట్టడం, లేదా దానికి వెళ్లే లింకును వేరే సర్వర్ వైపు మళ్లించడం ఈ తరహా దాడి. మామూలు వెబ్‌సైటు హ్యాక్ అయితే సభ్యుల వివరాలు, సైటు పరువు పోతాయి. డౌన్‌లోడ్ సైటు హ్యాక్ అయితే అక్కడి నుంచి ఫైలు దించి ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లన్నీ పరాయి చేతికి పోవచ్చు. పైగా మిగతా సాఫ్ట్‌వేర్ అంతా ఆపరేటింగ్ సిస్టమ్ మీదే ఆధారపడి నడుస్తుంది. అందువల్ల అందులోనే బ్యాక్‌డోర్ (దొంగదారి) ఉంటే, తర్వాత వేసే యాంటీవైరస్ దాన్ని పట్టుకుంటుందని భరోసా లేదు.

లినక్స్ మింట్, 2016

చాలా వివరంగా నమోదైన ఉదంతం ఇది. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింకులను దుండగులు మార్చేశారు.   మళ్లించిన లింకులు బల్గేరియా రాజధాని సోఫియాకు చెందిన సర్వర్‌కు తీసుకెళ్లాయి. అక్కడున్న ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్క్ ఫైలు) చూడటానికి మింట్‌లాగే ఉండి, మింట్‌లాగే ఇన్‌స్టాల్ అయ్యేది. లోపల మాత్రం 'సునామీ' అనే బ్యాక్‌డోర్ ఉంది. అది ఐఆర్‌సీ చాట్ మార్గంలో బయటి నుంచి వచ్చే ఆదేశాలు అందుకుంటుంది. ఒకేసారి వేల యంత్రాలతో ఏదో ఒక సైటు మీద దాడి చేయించడానికి ఇలాంటివి వాడతారు.

ప్రాజెక్టు స్థాపకుడు క్లెమెంట్ లెఫెబ్రే వెంటనే విషయం బయటపెట్టాడు. దాడి జరిగిన రోజు, ఆ ఒక్క ఎడిషన్, అదీ వెబ్‌సైటు లింకు నుంచి దించినవాళ్లకే ప్రమాదమని, టొరెంట్ ద్వారా తీసుకున్నవాళ్లకు ఇబ్బంది లేదని తేల్చి చెప్పాడు. లింకులు ఒకసారి సరిచేశాక దుండగులు మళ్లీ చొరబడటంతో ప్రాజెక్టువాళ్లు సైటు మొత్తాన్నే ఆపేశారు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను లైవ్‌గా తెరిచినప్పుడు /వార్/లిబ్ ఫోల్డర్‌లో 'మాన్.సీవై' అనే ఫైలు కనిపిస్తే అది సోకిన ఐఎస్‌ఓ అని గుర్తు ఇచ్చారు. సోకిన యంత్రాన్ని నెట్ నుంచి వేరుచేసి, సొంత ఫైళ్లు దాచుకుని, మొత్తం ఫార్మాట్ చేసి, పాస్‌వర్డ్‌లు మార్చుకోమన్నారు. దాపరికం లేకుండా గంటల వ్యవధిలో ఇంత చెప్పడం చాలా కంపెనీలు చేయని పని. ఈ ఉదంతంలో మెచ్చుకోవలసింది అదే.

ఎలా చొరబడ్డారన్న దానిపై రెండు కథనాలున్నాయి. వర్డ్‌ప్రెస్ గుండా వచ్చారని ప్రాజెక్టు ప్రకటించింది. 'పీస్' అనే మారుపేరుతో జెడ్‌డీనెట్ వార్తాసైటు విలేకరితో మాట్లాడిన వ్యక్తి మాత్రం, లోపాన్ని జనవరిలోనే కనిపెట్టానని, చర్చావేదిక డేటాబేస్‌ను జనవరి 28న ఒకసారి, ఫిబ్రవరి 18న మరోసారి కాపీ చేసుకున్నానని చెప్పుకున్నాడు. నేరం చేసినవాడి మాటను ఉన్నదున్నట్టు నమ్మలేం. అయితే ఆ డేటాబేస్ నిజంగానే అమ్మకానికి వచ్చింది కనుక, చొరబాటు ఒక్క రోజుది కాదన్న కథనమే బలంగా కనిపిస్తుంది. వివరాలు పోయిన సభ్యుల సంఖ్య విషయంలోనూ తేడా ఉంది. తొలి వార్తల్లో 71 వేలు అని వచ్చింది. దొంగిలించిన డేటా జాబితాలు ఉంచే 'హావ్ ఐ బీన్ పోన్డ్' సేవలో సుమారు 1.45 లక్షల ఈమెయిల్ చిరునామాలు నమోదయ్యాయి. రెండో లెక్కే నమ్మదగింది.

ఇక్కడ గమనించవలసిన అసలు సంగతి చెక్‌సమ్‌ది. ఫైలు అసలుదో కాదో పోల్చుకోవడానికి మింట్ అప్పట్లో తన సైటులోనే ఎండీ5 అంకెలు ఇచ్చేది. సైటు మీద పట్టు దొరికినవాడు లింకుతోపాటు ఆ అంకెలనూ మార్చగలడు. ఇక్కడ అదే జరిగిందని జెడ్‌డీనెట్ కథనం. కాటా, చీటీ రెండూ ఒకడి చేతిలోనే ఉన్నప్పుడు తూకానికి సాక్ష్యం లేనట్టే. ఎండీ5 పద్ధతి బలహీనమని 2004 నుంచీ నిరూపితమై ఉండటం మరో లోపం. తర్వాత మింట్ షా256 అంకెలకు, జీపీజీ అనే డిజిటల్ సంతకానికి మారింది.

ఇతర ఉదంతాలు

2002 జులై చివర ఓపెన్‌బీఎస్‌డీ ఎఫ్‌టీపీ సర్వర్‌లో, దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 3.4పీ1 ఫైలును మార్చేశారు. ఫ్రీబీఎస్‌డీవాళ్లు చెక్‌సమ్‌ను తమ దగ్గర విడిగా ఉంచుకున్నందువల్ల అంకెలు కుదరక, ఆగస్టు 1న గుట్టు బయటపడింది.

డెబియన్ అనే లినక్స్ రకం సంగతి తెలుగువారికి మరింత దగ్గరది. 2003 నవంబర్‌లో ఒక డెవలపర్ పాస్‌వర్డ్ దొంగిలించి, లినక్స్ కెర్నెల్ (దాని కేంద్ర భాగం)లోని లోపాన్ని వాడుకుని, మాస్టర్, మర్ఫీ, గ్లక్, క్లెకర్ అనే నాలుగు డెబియన్ సర్వర్లలోకి చొరబడ్డారు. ప్యాకేజీల భాండాగారం మాత్రం చెడలేదని పరిశీలనలో తేలింది. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ (బాస్) డెబియన్ మీదే నిర్మించినది, తెలుగులోనూ పనిచేస్తుంది. జనగామ జిల్లా పాలకుర్తి మండలం బమ్మెర వాడైన పోతన పేరిట తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన 'పోతన' ఫాంట్ కూడా డెబియన్ ప్యాకేజీగా దొరుకుతుంది. ఆ భాండాగారానికి మచ్చపడితే ఆ దెబ్బ బమ్మెర దాకా తగులుతుంది.

2008 ఆగస్టులో ఫెడోరా, రెడ్ హ్యాట్ సర్వర్లలోకి చొరబడినవారు కొన్ని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీల మీద రెడ్ హ్యాట్ సంతకం కూడా వేయించుకోగలిగారు. సంతకం చేసే యంత్రమే వాళ్లకు అందితే సంతకమూ కాపాడదని ఇది చూపింది. ఫెడోరా ఆ తర్వాత సంతకపు తాళంచెవులు మార్చింది.

లినక్స్ కెర్నెల్‌ను పంచే కెర్నెల్.ఆర్గ్ సైటు మీద దాడిని 2011 ఆగస్టు 28న గుర్తించారు. అప్పట్లో కొద్ది రోజుల చొరబాటు అనుకున్నారు. 2024లో ఈసెట్ సంస్థ నివేదిక ఎబరీ అనే మాల్వేర్ 2009 నుంచే అక్కడ ఉందని, 551 మంది వాడుకరుల పాస్‌వర్డ్ వివరాలు దొంగల చేతికి చిక్కాయని చెప్పింది. లోతుగా పరిశీలించింది ఈ నివేదికే. కెర్నెల్ మూలసంకేతం దెబ్బతినకపోవడానికి కారణం మార్పుల లెక్క ఉంచే గిట్ వ్యవస్థ. ప్రతి మార్పుకూ హ్యాష్ అంకె ఉంటుంది, వేలమంది దగ్గర ప్రతులుంటాయి. ఒకచోట దిద్దితే మిగతాచోట్ల తేడా బయటపడుతుంది.

2024 మార్చి 29న వెల్లడైన, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ వ్యవహారం కాస్త వేరు. అక్కడ సైటు హ్యాక్ కాలేదు, నమ్మకం సంపాదించిన నిర్వాహకుడే విడుదల ఫైల్లో బ్యాక్‌డోర్ పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందన్న అనుమానంతో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ దాన్ని పట్టుకున్నాడు. 2025 అక్టోబర్‌లో జుబుంటు అనే లినక్స్ రకం సైటులో టొరెంట్ బటన్ నొక్కినవారికి విండోస్ మాల్వేర్ ఉన్న జిప్ ఫైలు వచ్చింది. టొరెంట్ ఫైలును కూడా అందించేది సైటే కనుక, టొరెంట్ అయితే చాలు క్షేమం అన్న పాత సలహా ఇప్పుడు చెల్లదు.

మిర్రర్లు, పెన్‌డ్రైవ్‌లు

పెద్ద ఫైళ్లు మూల సర్వర్ నుంచి నేరుగా రావు. ఐఐటీ కాన్పూర్, హైదరాబాద్‌లోని ఎక్సెల్ మీడియా వంటి చోట్ల ఉండే మిర్రర్ల (అవే ఫైళ్ల ప్రతులు ఉంచే సర్వర్ల) నుంచి వస్తాయి. మింట్ విషయంలో మిర్రర్లలోని ప్రతులు బాగానే ఉన్నాయి. చెడింది వాటికి దారి చూపే పేజీ.

  జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి జిల్లా కేంద్రాల్లో కాలేజీ ల్యాబ్‌లకైనా, కంప్యూటర్ రిపేరు దుకాణాలకైనా లినక్స్ చేరే దారి ఎక్కువగా పెన్‌డ్రైవే. ఒకటిన్నర జీబీ ఫైలును ఒకరు దించితే, అదే గదిలోని యంత్రాలన్నిటికీ ఎక్కుతుంది, స్నేహితుల ల్యాప్‌టాప్‌లకూ పోతుంది. కాబట్టి డౌన్‌లోడ్‌ల లెక్క చూసి నష్టాన్ని అంచనా వేయడం తప్పు. అసలు సైటు మూతపడ్డాక కూడా ఆ పెన్‌డ్రైవ్ తిరుగుతూనే ఉంటుంది.

చట్టం, జాగ్రత్త

కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా, మోసపూరితంగా వైరస్ చొప్పించడం ఐటీ చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉండవచ్చు. డబ్బు పోతే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి.

ఐఎస్‌ఓ దించాక లినక్స్‌లో షా256సమ్, విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశంతో అంకె తీసి పోల్చాలి. పోల్చే అంకెల జాబితా మీద ఉన్న జీపీజీ సంతకం సరైనదో కాదో చూడాలి. ఆ సంతకపు తాళంచెవి గుర్తును డౌన్‌లోడ్ పేజీ నుంచి కాక, వేరే సైటు నుంచో, ముందే ఇన్‌స్టాల్ అయి ఉన్న సిస్టమ్ నుంచో తీసుకోవాలి. ల్యాబ్ చూసుకునేవారు ఐఎస్‌ఓతోపాటు అంకెల జాబితాను, సంతకపు ఫైలును అదే పెన్‌డ్రైవ్‌లో ఉంచాలి. తాళంచెవిని మాత్రం విడిగా దాచుకుని, మొదటి కంప్యూటర్‌లో ఎక్కించకముందే సరిచూడాలి.