దారిద్ర్య రేఖ (భారతదేశం)

మనిషికి తిండి, బట్ట, వైద్యం, పిల్లల చదువు వంటి కనీసావసరాలు తీరాలంటే నెలకు ఎంత ఖర్చు చేయగలగాలో లెక్కగట్టి నిర్ణయించిన మొత్తమే దారిద్ర్య రేఖ. అంతకంటే తక్కువ ఖర్చుతో గడిపే కుటుంబాలను పేద కుటుంబాలుగా పరిగణిస్తారు. మన దేశంలో ఈ లెక్క ఆదాయం మీద కాక వినియోగ వ్యయం మీద నడుస్తుంది. కూలి మీద, కౌలు సేద్యం మీద బతికే ఇంట్లో రాబడి ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. అందుకే జాతీయ నమూనా సర్వే ఆ ఇల్లు దేనికెంత ఖర్చు పెట్టిందో అడుగుతుంది.

పేదరికాన్ని ఇలా లెక్కగట్టే ప్రయత్నం దాదాభాయి నౌరోజీతో మొదలైంది. ఓడల్లో విదేశాలకు తరలించే కూలీలకు నిర్దేశించిన తిండిని ఆధారంగా తీసుకుని, 1867-68 ధరల్లో ప్రాంతాన్ని బట్టి తలకు ఏడాదికి 16 నుంచి 35 రూపాయలు కావాలని ఆయన తేల్చారు. స్వాతంత్ర్యం వచ్చాక కేలరీలు ప్రమాణమయ్యాయి. 1971లో ఆర్థికవేత్తలు దండేకర్, నీలకంఠ రథ్ రోజుకు 2,250 కేలరీలు అన్నారు. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన అలఘ్ బృందం పల్లెకు 2,400, పట్నానికి 2,100 అని విడదీసింది. 1993లో లక్డావాలా బృందం రాష్ట్రానికొక రేఖ ఉండాలంది. 2009లో టెండూల్కర్ సంఘం కేలరీల కొలతను వదిలి, చదువు, వైద్యం ఖర్చులనూ కలిపింది.

టెండూల్కర్ పద్ధతిలో 2011-12కు రేఖ పల్లెల్లో తలకు నెలకు 816 రూపాయలు, పట్టణాల్లో 1,000. ఆ లెక్కన పేదలు జనాభాలో 21.9 శాతం, అంటే దాదాపు 27 కోట్ల మంది. 2014లో రంగరాజన్ సంఘం అదే ఏడాదికి రేఖను 972, 1,407 రూపాయలకు పెంచింది. పేదలు 29.5 శాతానికి, 36 కోట్లకు పైగా చేరారు. పద్ధతి మారేసరికి తొమ్మిది కోట్లకు పైగా మనుషులు లెక్కలోకి వచ్చారంటే, రేఖ ఎక్కడ గీయాలన్నది గణితం ఒక్కటే తేల్చే విషయం కాదు. ఏ బతుకును కనీసమని ఒప్పుకుంటామన్నది అందులో ముందే ఇమిడి ఉంటుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2011-12లో అక్కడి పల్లెల రేఖ 860 రూపాయలు, రోజుకు 29 రూపాయల లోపే. దాని ప్రకారం రాష్ట్రంలో పేదలు 9.2 శాతం మాత్రమే. పేదలకని ఇచ్చే తెల్ల రేషన్ కార్డు మాత్రం అత్యధిక కుటుంబాలకు ఉండేది. బోగస్ కార్డులు లేవని కాదు. కానీ రేఖకు కాస్త పైనున్న ఇల్లు ఒక జబ్బుతోనో, ఒక కరువుతోనో కిందికి జారిపోతుంది. పరిశోధకుడు అనిరుధ్ కృష్ణ ఆంధ్రప్రదేశ్‌లోని 36 గ్రామాల్లో పాతికేళ్ల కాలాన్ని పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి సాక్ష్యం. 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడగా, అదే కాలంలో 12 శాతం కొత్తగా అందులో పడ్డాయి. పడిపోవడానికి చెప్పిన కారణాల్లో అనారోగ్యం, దాని వెంట వచ్చే అప్పు ముఖ్యమైనవి. సర్వేల నుంచి తీసే మొత్తం శాతంలో ఈ రాకపోకలు కనిపించవు. పేదలకు ఉచిత చికిత్స అందించేందుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకాన్ని ఈ కోణంలో చూస్తే అది పేదరికాన్ని అడ్డుకునే చర్య కూడా.

ఇక అసమానతను కొలవడానికైతే వినియోగ సర్వే అసలే చాలదు. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం గినీ సూచిక (0 అంటే పూర్తి సమానత్వం) పల్లెల్లో 0.237, పట్టణాల్లో 0.284. ఈ అంకెలు చూస్తే దేశంలో అంతరాలు తక్కువే అనిపిస్తుంది. కానీ సంపన్నుడు తన రాబడిలో కొంతే ఖర్చు చేస్తాడు. మిగిలినది భూమి, షేర్లు, బంగారంగా పోగవుతుంది. పైగా సర్వే సిబ్బందికి అతని గుమ్మం దాటడం అంత తేలిక కాదు. ఆదాయపు పన్ను వివరాలనూ కలిపి చూసిన ప్రపంచ అసమానతల ప్రయోగశాల 2022-23కు వేసిన అంచనా వేరు: పైనున్న ఒక్క శాతం మందికి జాతీయాదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం.

ఇంటి లోపలి పేదరికమూ ఈ రేఖకు అందదు. ఖర్చును ఇంట్లోవాళ్లందరికీ సమానంగా భాగిస్తారు గానీ, కంచంలో పడేది సమానం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పోషకాహారం, చదువు, వంట ఇంధనం, మరుగుదొడ్డి వంటి 12 అంశాలను చూసే నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ కొంత మేలు. దాని ప్రకారం పేదలు 2015-16లో 24.85 శాతం, 2019-21లో 14.96 శాతం. అయితే అది కూడా ఇంటినే యూనిట్‌గా తీసుకుంటుంది.

ఇక అధికారిక రేఖ విషయానికొస్తే, రంగరాజన్ సంఘం సిఫారసులను కేంద్రం అధికారికంగా ఆమోదించలేదు. 2017-18 వినియోగ సర్వే ఫలితాలను విడుదల చేయలేదు. 2022-23, 2023-24 సర్వేలు వెలువడినా వాటికి తగిన అధికారిక దారిద్ర్య రేఖను ప్రకటించలేదు.